ఇబ్సెన్ ఊళ్ళలో అప్పులూ పరువూ

నార్వే నాటకకర్త ఇబ్సెన్ పుట్టిన ఇల్లు చూద్దామని ఆయన ఊరు షేయెన్ వెళ్ళేవాళ్ళకి ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆ ఇల్లు లేదు. 1886లో ఊరి నడిబొడ్డు తగలబడినప్పుడు దాంతోపాటే పోయింది. ఇప్పుడు అక్కడ కనిపించే ఎర్ర ఇటుకల చర్చి, దాని జంట గోపురాలు 1894 నాటివి. అంటే 1828 మార్చి 20న హెన్రిక్ ఇబ్సెన్ పుట్టినప్పుడు ఉన్న చర్చి కూడా ఇది కాదు.

మా అమ్మాయి ఓస్లోలో ఉద్యోగం చేస్తోంది. "షేయెన్‌లో ఏముంది నాన్నా, ఫ్యోర్డులు చూద్దాం" అని మొదటినుంచీ పోరుతూనే ఉంది. రైల్లో రెండున్నర గంటల పైనే కూర్చుని వచ్చి ఆ చర్చి ముందు నిలబడ్డాక నాకూ అదే అనుమానం వచ్చింది. ఆదుకున్నది మా ఆవిడే. కాలేజీలో ఏళ్ళ తరబడి నాటకం పాఠం చెప్పిన మనిషి. ఇబ్సెన్ యాభై దాటాక తన చిన్నతనం గురించి కొద్ది పేజీలు రాసుకున్నాడు. అందులో ఈ ఊరి సంగతులు నోట్ చేసుకుని తెచ్చింది. ఆవిడ చదువుతుంటే నేను చుట్టూ తిరిగి ఒక్కొక్కటీ ఎక్కడ ఉండేదో చూసుకున్నాను. ఇంటికి ఎదురుగా చర్చి. కుడివైపు, తప్పు చేసినవాళ్ళని నలుగురూ చూసేలా కట్టేసే కొయ్య. ఎడమవైపు టౌన్‌హాలు, అందులోనే జైలూ, పిచ్చివాళ్ళని పెట్టే గదులూ. నాలుగో పక్క బడి. పచ్చటి చెట్టు ఒక్కటి కంటపడేది కాదట. వీటన్నిటి మీద పగలంతా జలపాతాల హోరు, ఆ హోరులోంచి వందల రంపాల మోత. ఆడవాళ్ళు ఏడుస్తున్నట్టూ కీచుమంటున్నట్టూ ఉండేదని రాశాడు. తర్వాతెప్పుడో తలలు నరికే యంత్రం గిలటిన్ గురించి చదివినప్పుడల్లా తనకు ఆ రంపాలే గుర్తొచ్చేవట.

పిల్లాడు కళ్ళు తెరిచి చూసిన మొదటి దృశ్యం ఇది. గుడి, బడి, జైలు, అవమానపు కొయ్య. ఆయన నాటకాలు చదివినవాళ్ళకి ఇందులో కొత్తేమీ కనిపించదు.

దుంగలు, రంపపు మిల్లులు, ఓడలు, ఈ ఊరి డబ్బంతా వాటిలోంచి వచ్చిందే. ఇప్పుడు రంపాలు లేవు, నీళ్ళున్నాయి. ఇక్కడి నుంచి దాలెన్ దాకా 105 కిలోమీటర్ల టెలిమార్క్ జలమార్గం ఉంది. 1892లో తెరిచారు. 18 లాకులు ఎక్కుతూ పడవ కొండల్లోకి పోతుంది. మా అమ్మాయి దాని వంక ఆశగా చూసింది కానీ మాకు అంత టైము లేదు.

ఇబ్సెన్ తండ్రి క్నూడ్ ఈ ఊళ్ళో పేరున్న వ్యాపారి. దిగుమతి సరుకులు, సారా బట్టీ, ఇంటి నిండా విందులు. సరుకు మీద అప్పు, అప్పు మీద సరుకు. 1834, 35 నాటికి చేతులెత్తేశాడు. ఊళ్ళో ఆస్తులు పోయాయి. కుటుంబం ఊరి బయట వెన్‌స్తోప్ అనే పొలంలో ఉన్న ఇంటికి మారింది. అప్పటికి హెన్రిక్‌కి ఏడేళ్ళు. పదిహేనో ఏడు దాకా అక్కడే పెరిగాడు. ఆ ఇల్లు మాత్రం ఉంది. మ్యూజియం చేసి వేసవిలో తెరుస్తారు.

టాక్సీలో వెళ్ళాం. నేను ఊహించుకున్నది పాడుబడిన పూరిల్లు లాంటిది. చూస్తే చక్కటి పెద్ద చెక్క ఇల్లు, చుట్టూ పొలాలు. "చితికిపోయినవాళ్ళ ఇల్లు ఇదేనా?" అని మా అమ్మాయి మొహమాటం లేకుండా పైకే అనేసింది. నిజానికి ఆ ప్రశ్న పరిశోధకులు కూడా వేస్తున్నారు. క్నూడ్ సంగతి పాత జీవితచరిత్రలు చెప్పినంత ఘోరమేమీ కాదనీ, బంధువులు గట్టివాళ్ళనీ, కుటుంబం మరీ వీధిన పడలేదనీ ఈమధ్య వాదనలు వచ్చాయి. నేను బ్యాంకులో లోన్ల సీట్లో రిటైరైన వాణ్ణి. నా భాషలో చెప్పాలంటే ఖాతా ఎన్‌పీఏ, అంటే వసూలు కాని బాకీ, అయింది, అంతేగానీ మనిషి ఐపీ పెట్టలేదు. ఈ రెంటికీ తేడా బ్యాంకు లెడ్జర్లో చాలా ఉంటుంది. ఇంట్లో పిల్లాడికి ఏముంటుంది? నిన్నటిదాకా విందులకు వచ్చినవాళ్ళు ఇవాళ రాకపోతే చాలు, వాడికి లెక్క అర్థమైపోతుంది. అలాంటి ఇళ్ళకు నోటీసులు పట్టుకుని వెళ్ళిన ఉద్యోగం నాది. కాగితం తండ్రి తీసుకునేవాడు, పిల్లలు తలుపు వెనక నుంచి చూసేవాళ్ళు. అందుకే పరిశోధకులది నిజమే కావచ్చు గానీ, నా ఓటు పిల్లాడికే.

వంటింటి పక్కన చిన్న గది చూపించారు. మిగతా పిల్లలు బయట ఆడుకుంటుంటే హెన్రిక్ అలాంటి గదిలో తలుపేసుకుని కూర్చునేవాడనీ, వాళ్ళు కోపమొచ్చి తలుపు మీదా గోడల మీదా రాళ్ళు, మంచుముద్దలు విసిరేవాళ్ళనీ చెల్లెలు హెడ్విగ్ తర్వాత చెప్పింది. ఇంట్లో వాళ్ళందరిలోనూ చివరిదాకా ఆయన ఉత్తరాలు రాసింది ఈ ఒక్క చెల్లెలికే అనాలి. ఆమె పేరు తీసుకెళ్ళి 'ది వైల్డ్ డక్' నాటకంలో పద్నాలుగేళ్ళ పిల్లకి పెట్టాడు.

ఆ నాటకం చదివి వెళ్ళినవాళ్ళు ఈ ఇంట్లో తిన్నగా అటకెక్కాలి. మెట్లు నిటారుగా ఉన్నాయి. మా ఆవిడ మోకాళ్ళ నొప్పి సంగతి మర్చిపోయి నాకంటే ముందే ఎక్కేసింది. పైన వెలుతురు తక్కువ. పాత చెక్క వాసన. దూలాల కింద వంగి నడవాలి, రెండు అడుగులు వేస్తే మూడోది దేనికి తగులుతుందో తెలియదు. 1884 నాటి ఆ నాటకంలో ఎక్దాల్ వాళ్ళ అటక మీద కోళ్ళు, కుందేళ్ళు, ఎండిపోయిన పాత క్రిస్మస్ చెట్లు, రెక్క దెబ్బతిన్న ఒక అడవి బాతు ఉంటాయి. ఒకప్పుడు అడవుల్లో ఎలుగుబంట్లని వేటాడిన ముసలి ఎక్దాల్, సర్కారు అడవి నరికించిన కేసులో జైలుకెళ్ళి వచ్చి, పరువు పోయి, ఆ అటకే అడవి అనుకుని తుపాకీ పట్టుకుని కుందేళ్ళ మీద పేలుస్తుంటాడు. వ్యాపారంలో భాగస్వామి మాత్రం కేసు నుంచి బయటపడి ఊళ్ళో పెద్దమనిషిగా ఉంటాడు. ఇక హెడ్విగ్ ఆ అటకలో దొరికిన లండన్ చరిత్ర పుస్తకంలో బొమ్మలు చూస్తుంటుంది. ఇసుకగడియారం పట్టుకున్న మృత్యువు, పక్కన ఒక అమ్మాయి. అలాంటి పుస్తకమొకటి ఇబ్సెన్ చిన్నప్పుడు ఈ ఇంట్లోనే ఉండేదని చెప్తారు.

కిందికి దిగాక మా ఆవిడ అన్న మాట: "క్నూడ్‌ని ఒక్క నాటకంలో రాసి ఊరుకోలేదండీ ఈయన." నిజమే. 'పీర్ గింట్'లో ఉన్నదంతా తగలేసిన తండ్రి యోన్ గింట్‌కీ, కొడుకుని తిడుతూ కాపాడుకొచ్చే తల్లి ఓసెకీ తన అమ్మానాన్నలే ఆధారమని ఇబ్సెన్ ఒక ఉత్తరంలో తనే రాశాడు. అంత రాసినవాడు, 1850లో ఒకసారి వచ్చి వెళ్ళాక, వాళ్ళిద్దరినీ మళ్ళీ చూడలేదు. తల్లి 1869లో పోయింది, తండ్రి 1877లో. ఇది మింగుడు పడటం కష్టమే. నాటకం గొప్పదైతే మనిషి చేసినదంతా మాఫీ అయిపోతుందని నేను అనుకోను.

గ్రిమ్‌స్టాడ్‌కి రైలు లేదు. సముద్రం పక్కనే వెళ్ళే హైవే మీద బస్సు పట్టుకున్నాం. చిన్న రేవు పట్నం, తెల్లటి చెక్క ఇళ్ళు, ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి తప్పుకోవాల్సిన సందులు. 1844 జనవరిలో, పదహారు కూడా నిండకముందే, ఇబ్సెన్ ఇక్కడ మందుల షాపులో పనికి కుదిరాడు. మన లెక్కలో కాంపౌండరు కుర్రాడు. పొడులు నూరడం, సీసాలు నింపడం, రాత్రి ఎవరొచ్చి తలుపు కొట్టినా లేవడం. తర్వాత షాపు చేతులు మారి వెళ్ళిన ఇల్లే ఇప్పటి ఇబ్సెన్ మ్యూజియం. 1916 నుంచి ఉంది. మందుల బల్ల, సీసాలు, వెనకాల రాత్రి డ్యూటీ గది. చాలా చిన్న గది. పగలంతా షాపు, రాత్రి ఆ గదిలో పరీక్షకి చదువు, ఆ మిగిలిన గంటల్లో మొదటి నాటకం.

ఆ నాటకం 'కాటిలీనా'. యూనివర్సిటీ ప్రవేశపరీక్ష కోసం లాటిన్ పాఠం చదువుతూ, పాతకాలపు వక్త సిసిరో తిట్టిపోసిన ఆ రోమన్ తిరుగుబాటుదారు మీద మనసుపడి రాసింది. ఒక స్నేహితుడు శుభ్రంగా కాపీ చేశాడు, ఇంకో స్నేహితుడు తన డబ్బు పెట్టి 1850లో అచ్చేయించాడు. 250 కాపీలు. రచయిత పేరు చోట బ్రిన్యోల్ఫ్ బ్యార్మె అన్న మారుపేరు. అమ్ముడుపోయినవి తక్కువ. మిగిలినవాటిలో ఒక కట్ట తీసుకెళ్ళి చిల్లర కొట్టువాడికి పొట్లాలు కట్టుకోవడానికి అమ్మితే, తర్వాత కొన్నాళ్ళు తిండికి ఇబ్బంది లేకుండా గడిచిందని ఇబ్సెన్ పాతికేళ్ళ తర్వాత ముందుమాటలో నవ్వుతూ రాశాడు.

నవ్వలేని సంగతి కూడా ఈ ఊళ్ళోనే ఉంది. మొదటి షాపులో ఉన్నప్పుడు అదే ఇంట్లో పనిచేసే ఎల్సె సోఫీ అనే అమ్మాయికి 1846 అక్టోబరులో ఇబ్సెన్ వల్ల కొడుకు పుట్టాడు. ఆయనకి పద్దెనిమిది, ఆమె పదేళ్ళు పెద్ద. పిల్లాడికి పద్నాలుగేళ్ళు వచ్చేదాకా ఖర్చులు ఇవ్వాలని అధికారులు ఉత్తర్వు వేశారు. అంటే చేతిలో జీతం సరిగ్గా లేని వయసులోనే నెత్తిన ఒక వాయిదాల అప్పు. ఆమె చివరిదాకా పేదరికంలోనే బతికింది. కొడుకు హన్స్ యాకోబ్ కమ్మరి పని చేశాడు. ఇబ్సెన్‌కి పెళ్ళిలో పుట్టిన కొడుకు సిగుర్డ్ స్టాక్‌హోమ్‌లో నార్వే ప్రధానిగా పనిచేశాడు. ఒక తండ్రి, ఇద్దరు కొడుకులు. 'పీర్ గింట్'లో ఆకుపచ్చ బట్టల ఆడమనిషి ఒక కుంటి పిల్లాణ్ణి వెంటబెట్టుకొచ్చి, వీడు నీ కొడుకే అని పీర్ ముందు నిలబెట్టే సీను ఉంది. ఈ సందుల్లో తిరిగాక అది జానపద కథలా అనిపించదు.

తర్వాతి కథ గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే బెర్గెన్ మేము వెళ్ళలేదు. 1851 నుంచి ఆరేళ్ళు అక్కడి థియేటర్లో పని, అక్కడే సుసానా తోరెసెన్ పరిచయం, 1858లో పెళ్ళి. రాజధానిలో ఆయన నడిపిన థియేటర్ 1862లో దివాలా. మళ్ళీ అప్పులు. 1864లో స్నేహితులు పోగుచేసిన డబ్బుతో, ప్రభుత్వం ఇచ్చిన కొద్దిపాటి గ్రాంటుతో ఇటలీ వెళ్ళాడు. ఇక్కడ వదిలేసి వెళ్ళిన సామాను అప్పులవాళ్ళ కోసం వేలం వేశారు. రోమ్, డ్రెస్డెన్, మ్యూనిక్ తిరుగుతూ 27 ఏళ్ళు బయటే ఉన్నాడు. మనం ఇబ్సెన్ అని చెప్పుకునే నాటకాల్లో ఎక్కువ భాగం నార్వే గురించి నార్వే బయట కూర్చుని రాసినవే. 1891లో తిరిగొచ్చేసరికి ప్రపంచ ప్రసిద్ధుడు, స్థితిపరుడు. డబ్బు బాండ్లలో, షేర్లలో పెట్టి లెక్కలు జాగ్రత్తగా చూసుకునేవాడు. క్నూడ్ కొడుకు అలా ఉండకపోతేనే ఆశ్చర్యం.

ఓస్లోలో ఆయన 1895 నుంచి 1906 మే 23న చనిపోయేదాకా ఉన్న ఫ్లాట్ రాజభవనం పార్కుకి ఎదురుగా, ఆర్బిన్స్ గాటె 1లో ఉంది. గైడు వెంట వెళ్ళాలి. బరువైన తెరలు, ఎర్ర గది, నీలం గది, బంగారు ఫ్రేముల బొమ్మలు. ఒక్కమాటలో, వేలంలో సామాను పోయినవాడు అమర్చుకున్న ఇల్లు. రాసుకునే గదిలో బల్ల ముందు స్వీడిష్ నాటకకర్త స్ట్రిండ్‌బర్గ్ చిత్రం. క్రిస్టియన్ క్రోగ్ వేసింది. ఆ ఇద్దరికీ పడేది కాదు. శత్రువు పిచ్చి కళ్ళు తననే చూస్తుంటే రాత బాగా సాగుతుందని ఇబ్సెన్ అనేవాడట. చివరి నాటకాలు రెండూ ఆ చూపు కిందే రాశాడు. అందులో ఒకటి 'యోన్ గాబ్రియెల్ బోర్క్‌మన్', 1896. ఖాతాదారుల డిపాజిట్లతో జూదమాడి జైలుకెళ్ళిన బ్యాంకు డైరెక్టరు, బయటికొచ్చాక ఎనిమిదేళ్ళుగా మేడమీద గదిలో పచార్లు చేస్తుంటాడు, జనం వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చోబెడతారని. నా సర్వీసులో అలాంటి చిన్న బోర్క్‌మన్లని చూశాను. పచార్లు అచ్చం అలాగే ఉంటాయి.

1900 నుంచి వరసగా పక్షవాతం దెబ్బలు తగిలి రాత ఆగిపోయింది. ఇవాళ కాస్త నయంగా ఉన్నారని నర్సు ఎవరితోనో అంటే, "అదేం కాదు, ఉల్టా" అన్నాడట. అవే ఆఖరి మాటలని గైడు చెప్పింది. సమాధి మా అమ్మాయి వాళ్ళ ఇంటికి దగ్గరే కాబట్టి మర్నాడు పొద్దున్న నడుచుకుంటూ వెళ్ళి చూశాం. నల్లటి రాతి స్తంభం, దాని మీద సుత్తి గుర్తు. గనిలో కొడుతూ లోతుకి దిగిపోయే కార్మికుడి మీద ఆయన కుర్రతనంలో రాసిన పద్యం ఒకటుంది, ఆ సుత్తి అందులోది.

ఫ్లాట్ నుంచి గ్రాండ్ కేఫ్‌కి రోజూ ఒకే టైముకి నడిచి వెళ్ళేవాడు. టాప్ హ్యాట్, పొడుగు కోటు, ఆ బుగ్గ మీసాలు. టోపీ లోపల చిన్న అద్దం పెట్టుకునేవాడట, జుట్టు సవరించుకోవడానికి. ఇప్పుడు ఆ దారిలో ఫుట్‌పాత్ రాళ్ళలో స్టీలు అక్షరాలతో ఆయన వాక్యాలు పొదిగారు. జనం వాటిమీద నడిచిపోతుంటారు. మా ఆవిడ మాత్రం తొక్కకుండా పక్కనుంచి నడిచింది. అక్షరాలు కదా మరి. దారిలోనే నేషనల్ థియేటర్, బయట ఇబ్సెన్, మరో నార్వే రచయిత బ్యోర్న్‌సన్ విగ్రహాలు. 1899లో దాన్ని ప్రారంభించినప్పుడు రెండో రోజు ఆడింది 'ప్రజాశత్రువు'. ఊరి స్నానాల నీళ్ళలో విషముందని చెప్పిన డాక్టరునే ఊరు శత్రువుగా తేల్చిన కథ. సత్యజిత్ రాయ్ దాన్నే గుడి తీర్థం మీదికి మార్చి 'గణశత్రు' తీశారు.

గ్రాండ్ కేఫ్‌లో కాఫీ తాగుతూ చివరికి మా పాత తగువు మొదలైంది. 'బొమ్మరిల్లు' గురించి, అంటే 'ఎ డాల్స్ హౌస్' గురించి. 1879 డిసెంబరు 21న కోపెన్‌హాగెన్‌లో మొదటి ప్రదర్శన. అందరికీ గుర్తుండేది కథానాయిక నోరా తలుపేసి వెళ్ళిపోవడం. నాకు గుర్తుండేది ప్రామిసరీ నోటు. భర్తకి జబ్బు, ఇటలీ తీసుకెళ్ళకపోతే బతకడు. ఆ రోజుల్లో పెళ్ళయిన ఆడది భర్త ఒప్పుకోలు లేకుండా అప్పు తీసుకోవడానికి వీల్లేదు. 1888లో గానీ నార్వే చట్టం మారలేదు. కాబట్టి నార్వే పాత నాణెం లెక్కలో 1,200 డాలెర్లకి, అంటే 4,800 క్రోనర్లకి, తండ్రి హామీ సంతకం కావాలి. తండ్రి చావుబతుకుల్లో ఉంటే ఆమే పెట్టేసింది. ఆయన పోయింది సెప్టెంబరు 29న, సంతకం కింద తేదీ అక్టోబరు 2. ఫోర్జరీ పట్టుబడింది అక్కడే. చేతిరాత పోల్చడం తర్వాత, ముందు తేదీ చూడాలని కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేను ఈ నాటకం చూపించే చెప్పేవాణ్ణి.

"తేదీ సరే, లౌరా సంగతి చెప్పండి" అంది మా ఆవిడ. లౌరా కీలర్. ఇబ్సెన్ అభిమాని, రచయిత్రి. భర్త క్షయ కోసం రహస్యంగా అప్పు చేసింది, తీర్చలేక ఒక నవల రాసి ఇబ్సెన్‌కి పంపింది, పబ్లిషర్‌కి ఒక మాట చెప్పమని. బాగాలేదన్నాడు, అంతా భర్తకి చెప్పేయమని సలహా ఇచ్చాడు. ఆమె ఫోర్జరీకి దిగింది, దొరికిపోయింది. భర్త పిల్లల్ని దూరం చేసి పిచ్చాసుపత్రిలో చేర్పించాడు. ఆ మరుసటేడు నాటకం వచ్చింది. మొదటి అచ్చు 8,000 కాపీలు నెలలో అయిపోయాయి. లౌరా 1932 దాకా బతికింది, నోరా అన్న పేరు మెడకి చుట్టుకుందని బాధపడుతూనే. మా రాజమన్నారు గారి 'తప్పెవరిది' నాటకం మీద ఇబ్సెన్ నీడ ఉందని విద్యార్థులకి చెప్పిన ప్రతిసారీ, నిజంగా తప్పెవరిదని లౌరా గుర్తొచ్చేదంది మా ఆవిడ.

"అయినా ఆ నోరా వాయిదాలు కడుతూ చెల్లు రాయించుకోలేదు. ఎంత కట్టానో నాకే తెలియదంటుంది. అలా ఎవరైనా అప్పు తీరుస్తారా?" అన్నాను.

"చివర్లో ఆ నోటు వెనక్కొస్తే భర్త హెల్మర్ పొయ్యిలో వేసి 'బతికిపోయాను' అంటాడు. 'మరి నేనో?' అని ఆవిడ అడుగుతుంది. ఎనిమిదేళ్ళ కాపురంలో ఇద్దరం కూర్చుని ఒక్క విషయం సీరియస్‌గా మాట్లాడుకోలేదనీ అంటుంది. మీరు ఆ పేజీలు ఎప్పుడూ దాటేస్తారు."

"నాన్న చదివేది నోటు కోసమే అమ్మా" అంది అమ్మాయి.

బిల్లు నేనే కట్టాను. రూపాయల్లోకి మార్చి చూసుకోనని అమ్మాయి ముందే నా చేత ఒట్టు వేయించుకుంది.